మానేశాక చూపిద్దాం అనుకోవద్దు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. మా ఆయనకు 36 ఏళ్లు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీలో పని. పెళ్లికి ముందు నుంచే గుట్కా అలవాటు ఉంది. ఇప్పుడు పాన్ మసాలా ప్యాకెట్టు, పొగాకు ప్యాకెట్టు కలిపి రోజుకు పన్నెండు దాకా వేసుకుంటారు. నైట్ షిఫ్టులో ఖైనీ కూడా. ఏడాదిగా కారం తగిలితే నోరు మండుతోందని చప్పిడి తింటున్నారు. నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోవడం లేదు. ఎడమ బుగ్గ లోపల తెల్లమచ్చ ఉంది, మధ్యలో కాస్త ఎర్రగా కనిపిస్తుంది. నొప్పి లేదు. పంటి డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. కత్తి తగిలితే పాకిపోతుందని మా ఆడబిడ్డ వాళ్లు వద్దంటున్నారు. ఆయనేమో "ముందు పొగాకు మానేస్తాను, ఉత్త పాన్ మసాలాతో సరిపెట్టుకుంటాను, తర్వాత చూపిద్దాం" అంటున్నారు. అరవై దాటిన మా అత్తగారు కిళ్లీలో పొగాకు కాడ వేసుకుంటారు, నాకేమయింది అంటారు. పదిహేడేళ్ల మరిది కూడా పాన్ మసాలా మొదలుపెట్టాడు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, మీరు రాసినవాటిలో ముందు తేల్చాల్సింది ముక్క పరీక్ష సంగతి. ఈ వారంలోనే చేయించండి. అలవాటు మానడమూ నోరు చూపించుకోవడమూ ఒకదాని తర్వాత ఒకటి చేసే పనులు కావు. రెండూ ఒకే రోజు మొదలుపెట్టాలి. మానడానికి నెలలు పట్టవచ్చు, మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్లీ వేసుకోవచ్చు. ఆ మచ్చ అన్నాళ్లు మీకోసం ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మానకుండా వెళ్తే డాక్టరు కోప్పడతారన్న బెరుకుతో ఏడాదికేడాది వాయిదా వేసేవాళ్లు చాలామంది. మీ ఆయన ఇంకా వేసుకుంటున్నా సరే, వెళ్లమనండి.

నోరు చూడకుండా ఏ జబ్బో తేల్చి చెప్పలేం గానీ, మీరు చెప్పిన లక్షణాల్లో రెండు వేర్వేరు సమస్యలు కనిపిస్తున్నాయి.

ఒకటి నోరు బిగుసుకుపోవడం. వక్క నమిలే మనిషికి కారం మంట, నోరు తెరుచుకోకపోవడం రెండూ కలిసి వస్తే ముందుగా అనుమానించాల్సింది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. దీనికి ముఖ్య కారణం పొగాకు కాదు, వక్క. వక్కలో ఉండే అరెకోలిన్ బుగ్గ లోపలి పొర కింద పీచును తయారుచేసే కణాలను రెచ్చగొడుతుంది. వక్కలో రాగి కూడా ఎక్కువే. పీచు పోగులను ఒకదానికొకటి గట్టిగా ముడివేసే ఎంజైముకు ఆ రాగి బలమిస్తుంది. అలా ముడిపడ్డ పీచును శరీరం మామూలుగా కరిగించుకోలేదు. మెల్లగా పొర కింద రక్తప్రసరణ తగ్గుతుంది, పైపొర పల్చబడి పాలిపోతుంది. కారం మంట వచ్చేది అందుకే. తర్వాత బుగ్గల్లో నిలువుగా తాళ్లలాంటి గట్టి పట్టీలు చేతికి తగులుతాయి. బుగ్గలు పూరించి గాలి ఊదడం, ఈల వేయడం, నాలుక బయటికి చాపడం కష్టమవుతాయి. ఇది క్యాన్సర్ కాదు. కానీ ఈ జబ్బు ఉన్న నోట్లో క్యాన్సర్ పుట్టే అవకాశం మామూలు నోటికంటే చాలా ఎక్కువ.

అందుకే "ఉత్త పాన్ మసాలాతో సరిపెట్టుకుంటాను" అన్న మాట దగ్గర నేను గట్టిగా అడ్డుపడతాను. ఆయన నోటిని బిగిస్తున్నదే అది. పొగాకు తీసేసి వక్క ఉంచుకుంటే బిగుసుకోవడం ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే వక్కను పొగాకుతో పనిలేకుండా క్యాన్సర్ కలిగించే పదార్థంగా తేల్చింది. ప్యాకెట్టు మీద పొగాకు లేదని రాసి ఉన్నంత మాత్రాన అది నోటికి మంచిదైపోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2013 నుంచి గుట్కా మీద నిషేధం ఉన్నా, పాన్ మసాలాను, పొగాకును విడివిడి ప్యాకెట్లలో పక్కపక్కన అమ్ముతున్నారు. మీ ఆయన కలిపి వేసుకునే ఆ రెండు ప్యాకెట్లూ నోట్లో పడ్డాక గుట్కాయే.

రెండోది ఆ మచ్చ. పాచిలా గీకితే రాకుండా అతుక్కుని ఉండి, వేరే కారణం ఏదీ తేలని తెల్లమచ్చను ల్యూకోప్లేకియా అంటారు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్‌గా మారవు. ఏది మారుతుందో కంటితో చూసి చెప్పలేకపోవడమే చిక్కు. నున్నగా, పలచగా, ఒకే రంగులో ఉన్న మచ్చకంటే గరుకుగా, పగుళ్లతో, ఎరుపు కలిసి ఉన్న మచ్చ ప్రమాదకరం. మీరు "మధ్యలో కాస్త ఎర్రగా" అని రాసిన ఆ ఒక్క మాటే ఈ జవాబును తొందరపెట్టి రాయిస్తోంది. పొగాకు పెట్టుకునే చోట వచ్చే మామూలు తెల్లమచ్చలు కొన్ని, అలవాటు ఆపిన కొద్ది వారాల్లో వాటంతట అవే పోతాయి. ఎరుపు కలిసి, నోరు కూడా బిగుసుకున్నప్పుడు మాత్రం అలా ఆగి చూడకూడదు.

నొప్పి లేదన్నారు. నొప్పి లేకపోవడం ధైర్యం చెప్పుకునే విషయం కాదమ్మా. నోటి క్యాన్సర్ మొదట్లో తరచుగా నొప్పి పుట్టించదు. చిన్న పొక్కు, వేడి చేసి వచ్చిన నోటిపూత విపరీతంగా మంటపెట్టి వారం పది రోజుల్లో మానిపోతాయి. భయపడాల్సింది నొప్పి లేకుండా రెండు వారాలు దాటినా మానని పుండుకు.

బయాప్సీ, అంటే ఈ ముక్క పరీక్ష గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే భయమంతా తెలియకపోవడం వల్లే. మచ్చ దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు, పన్ను తీసేటప్పుడు ఇచ్చేదే. మచ్చలో అన్నిటికంటే అనుమానంగా కనిపించే చోటు నుంచి చిన్న ముక్క తీస్తారు. మీ ఆయన విషయంలో అది ఎర్రగా ఉన్న భాగం. ఒకటో రెండో కుట్లు పడతాయి. అరగంటలోపు పని అయిపోతుంది, ఆ రోజే ఇంటికి రావచ్చు. రక్తం కాస్త ఊరితే శుభ్రమైన గాజుగుడ్డ మడిచి పదిహేను ఇరవై నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. ఆ రోజు వేడివి, కారంవి వద్దు. చల్లారిన పెరుగన్నం, జావ చాలు. గుండెజబ్బుకు ఆస్పిరిన్ వంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నా, షుగర్ ఉన్నా ముందే చెప్పాలి. సొంతంగా మాత్రలు ఆపకూడదు.

కొన్నిచోట్ల ముక్క ఉన్న సీసాను మీ చేతికే ఇచ్చి ల్యాబుకు పంపుతారు. అప్పుడు సీసా మీద పేరు, తేదీ, ఏ వైపు బుగ్గ అన్నది రాసి ఉందో లేదో చూసుకోండి. ముక్క ఫార్మలిన్ ద్రావణంలో పూర్తిగా మునిగి ఉండాలి. ఉప్పునీటిలోనో సెలైన్‌లోనో పెట్టి తీసుకెళ్తే ముక్క పాడైపోయి, మళ్లీ తీయాల్సి వస్తుంది. రిపోర్టు వచ్చాక కాగితంతో పాటు స్లైడ్లు, ముక్కను నిల్వ ఉంచిన మైనం దిమ్మ కూడా అడిగి తెచ్చుకోండి. పెద్ద ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే వాళ్లు మొదట అడిగేవి అవే. లేకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

కత్తి తగిలితే పాకుతుందన్న మాటకు ఆధారం లేదు. అయితే ఆ నమ్మకం ఊళ్లలో ఎందుకు నిలిచిందో అర్థం చేసుకుంటే మీ ఆడబిడ్డకు చెప్పడం తేలిక. చాలామంది బయాప్సీ చేయించుకునేదే ఆలస్యంగా. రిపోర్టు చేతికొచ్చాక భయంతోనో డబ్బుల్లేకనో నాటుమందు వాడుతూ మూడు నాలుగు నెలలు గడుపుతారు. ఈలోగా గడ్డ పెరుగుతుంది. చూసేవాళ్లకు మాత్రం "ముక్క తీశాకే పెరిగింది" అనిపిస్తుంది. పెంచింది ముక్క తీయడం కాదు, ఆ తర్వాత పోయిన నెలలు. కాబట్టి బయాప్సీ చేయించే రోజే, రిపోర్టు ఏమొస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా అనుకుని పెట్టుకోండి.

రిపోర్టులో వచ్చే మాటలు ఇవి. హైపర్‌కెరటోసిస్ అని రాసి, డిస్‌ప్లేసియా లేదంటే పైపొర మందమైంది తప్ప కణాల్లో చెడు మార్పు లేదని. అలవాటు పూర్తిగా ఆపి, మూడు నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి. డిస్‌ప్లేసియా అంటే కణాలు దారి తప్పుతున్నాయని. అది స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అని కూడా రాస్తారు. మధ్యస్థం, తీవ్రం అయితే మచ్చను మొత్తంగా తీసేయమంటారు. స్క్వేమస్ సెల్ కార్సినోమా అని ఉంటే అది క్యాన్సర్. ఇంకో మాట. రిపోర్టు బాగానే వచ్చినప్పటికీ ఎరుపు తగ్గకపోతే, మచ్చ పెరిగితే, చేతికి గట్టిగా తగిలితే రెండోసారి ముక్క తీయించడానికి వెనకాడకండి. మొదటి ముక్క చెడు భాగం నుంచి కాకుండా పక్క నుంచి వచ్చి ఉండవచ్చు.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు దగ్గరలో ఒంగోలు సర్వజన ఆసుపత్రిలో దంత విభాగం, చెవి ముక్కు గొంతు విభాగం ఉంటాయి. క్యాన్సర్ అని తేలితే గుంటూరు సర్వజన ఆసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రం, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేస్తారు. తెలంగాణవాళ్లకైతే ఆరోగ్యశ్రీ. ఆధార్, బియ్యం కార్డు వెంట ఉంచుకోండి, ఆసుపత్రిలో ఆ పథకం హెల్ప్‌డెస్క్ ఎక్కడుందో ముందు కనుక్కోండి.

క్యాన్సరే అయినా చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే ఆపరేషన్‌తో నయమయ్యేవాళ్లే ఎక్కువ. బుగ్గతో పాటు మెడలో కూడా కోయాలంటే ఇళ్లలో హడలిపోతారు. మెడలో గడ్డ కనిపించకపోయినా అక్కడి గ్రంథుల్లో కంటికి కనిపించని కణాలు ఉండవచ్చు. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో తొలిదశ రోగుల్లో మెడ గ్రంథులను మొదటి ఆపరేషన్‌లోనే తీసేసినవాళ్లు మూడేళ్ల తర్వాత 80 శాతం బతికి ఉన్నారు, గడ్డ కనిపించాక తీద్దామని ఆగినవాళ్లలో 67.5 శాతమే. డాక్టరు మెడ ఆపరేషన్ కూడా అంటే జబ్బు ముదిరిందని అనుకోకండి.

రిపోర్టు వచ్చేలోగా చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మెడికల్ షాపులో ఇచ్చే స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్లు వారాల తరబడి రాస్తే పైకి ఎరుపు తగ్గినట్టు కనిపించి అసలు జబ్బు దాగిపోతుంది. బి-కాంప్లెక్స్ మాత్రలు మింగుతూ నెలలు గడపడం మేం తరచుగా చూసే ఆలస్యం. పసరు మందులు, మచ్చను కాల్చే మందులు వద్దేవద్దు. మచ్చ పక్కన పన్ను కదులుతుంటే దాన్ని ఊరి దగ్గర పీకించకండి. పొగాకు నమిలేవాళ్లకు ఒక్కచోట మాత్రమే పన్ను ఉన్నట్టుండి కదలడం కింది ఎముకలోకి జబ్బు దిగిందనడానికి గుర్తు కావచ్చు. అరిగి మొనదేలిన పన్ను బుగ్గకు గీరుకుంటుంటే మాత్రం దాన్ని అరగదీయించుకోవచ్చు, అది మంచిదే.

ఇక మానడం. ఆయన రోజుకు పన్నెండు ప్యాకెట్లు, పైగా ఖైనీ అంటున్నారు. ఇది మనసు గట్టిగా ఉంటే చాలన్న స్థాయి దాటింది. ఖైనీలో సున్నం ఎందుకు కలుపుతారో ఆలోచించండి. సున్నం క్షారం. అది తగలగానే పొగాకులోని నికోటిన్ నోటి పొర గుండా తేలిగ్గా రక్తంలోకి వెళ్లే రూపంలోకి మారుతుంది. అదే సున్నం పైపొరను ఒరిపిడి పెట్టి, పొగాకులోని నైట్రోసమిన్లనే విషాలు లోపలికి దిగడానికి దారి ఇస్తుంది. మన దగ్గర నోటి క్యాన్సర్ ఎక్కువగా కింది చిగురుకూ బుగ్గకూ మధ్య సందులో పుట్టడానికి కారణం పొగాకు ముద్ద గంటల తరబడి ఉండేది అక్కడే కావడం. పెదవి చాటున పెట్టుకుని పడుకునే అలవాటు ఉంటే మొదట ఆపించాల్సింది దాన్నే.

పది రోజుల్లోపు ఒక తేదీ అనుకోమనండి. వారం సెలవు ముందురోజు అయితే మంచిది, మొదటి రెండు మూడు రోజులే అన్నిటికంటే గడ్డు రోజులు కాబట్టి. ఆలోగా ఒక చిన్న కాగితం జేబులో పెట్టుకుని, ప్యాకెట్టు చింపిన ప్రతిసారీ టైము, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నది రాయమనండి. రెండు రోజుల్లో బయటపడుతుంది ఏది నికోటిన్ లాగుడు, ఏది ఉత్త చేతి అలవాటు అన్నది. నిద్ర లేవగానే, అన్నం తిన్న వెంటనే, షిఫ్టు మధ్యలో టీ తాగాక వేసుకునేవి గట్టివి. తోటివాడు చేతిలో పోస్తే వేసుకునేవి ముందు తీసేయగలిగినవి. క్వారీలో పక్కవాళ్లకు తేదీ ముందే చెప్పడం చాలా ముఖ్యం. చెప్పకపోతే మొదటి రోజు మధ్యాహ్నానికి ఎవరో ఒకరు చేయి చాపుతారు.

నికోటిన్ మందుల విషయంలో డాక్టరు సలహా తీసుకోండి. ముఖ్యంగా బీపీ, గుండెజబ్బు ఉంటే. నిద్ర లేచిన అరగంటలోపు మొదటి ప్యాకెట్టు వేసుకునే మనిషికి 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్, ఆ తర్వాత వేసుకునేవాళ్లకు 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. ఈ గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే పనిచేయదు. మెల్లగా నమలాలి, నోట్లో చురచుర మొదలవగానే ఆపి బుగ్గ పక్కన పెట్టాలి, చురుకు తగ్గాక మళ్లీ రెండు మూడుసార్లు నమిలి ఇంకోవైపు పెట్టాలి. అలా అరగంట. గబగబా నమిలి ఉమ్మి మింగితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి, "ఈ గమ్ నాకు పడలేదు" అని మానేస్తారు. టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగిన పావుగంట వరకు గమ్ వేసుకోకూడదు. వాటి పులుపు నికోటిన్‌ను నోట్లో ఇంకనివ్వదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. అలా పన్నెండు వారాల్లో దించాలి. అందరూ చేసే తప్పు మూడో వారానికే బాగుందని ఆపేయడం.

మీ ఆయన నోరు మంటగా ఉంది, మచ్చ ఉంది. గమ్ మంట పెడితే చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ మేలు. స్నానం చేసి బాగా తుడుచుకున్నాక, వెంట్రుకలు లేని భుజం మీదో వీపు పైభాగాన్నో అంటించి అరచేత్తో పది సెకన్లు అదమాలి. క్వారీ ఎండకు, చెమటకు ఊడుతుంటే బనీను కింద పడేచోట వేసుకోవాలి. రోజూ చోటు మార్చాలి, లేకపోతే దురద వస్తుంది. పీడకలలు వస్తే పడుకునేముందు తీసేయవచ్చు. ఎంత బలం పట్టీ, ఎన్ని వారాలు అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. వరెనిక్లిన్ అనే మాత్ర కూడా ఉంది, నమిలే పొగాకు మానడానికీ ఉపయోగపడుతుంది, కానీ చీటీ లేకుండా వాడేది కాదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ మందులన్నీ నికోటిన్ లాగుడుకే. వక్క లాగుడుకు ఇలాంటి మందు లేదు. దానికి నోట్లో వేరే ఏదైనా ఉండాలి. సోంపు, యాలకులు, వేయించిన గుమ్మడి గింజలు పనికొస్తాయి. లవంగం ఇలాంటి నోటికి మంట పెంచుతుంది. షాపుల్లో దొరికే రంగుల సోంపు ప్యాకెట్లు, తీపి సుపారీ కొనేముందు వెనక చూడండి, చాలావాటిలో వక్క ముక్కలు ఉంటాయి.

లాగుడు వచ్చినప్పుడు అది అలాగే పెరిగిపోతుందనిపిస్తుంది గానీ, సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆ కొద్ది నిమిషాలు నీళ్లు గుక్క గుక్కగా తాగడం, లేచి నాలుగడుగులు నడవడం, ఎవరికైనా ఫోన్ చేయడం చాలు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి పెరగడం రెండు నుంచి నాలుగు వారాలు ఉంటాయి. ఆ రోజుల్లో ఆయన కసురుకుంటే అది మీ మీద కోపం కాదని ముందే అనుకోండి. మగవాళ్లు బయటికి చెప్పని కష్టం ఇంకొకటి ఉంది, పొద్దున ఖైనీ పడితేగానీ విరేచనం కాదు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది కాబట్టి అది నిజమే. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష లేదా ఒక అరటిపండు, కూరగాయలు పెంచితే ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఆ ఒక్క కారణంతో మళ్లీ మొదలుపెట్టేవాళ్లు తక్కువేం కాదు.

ఒకసారి జారి వేసుకున్నారంటే అంతా పోయినట్టు కాదు. ఏ టైముకు, ఎవరితో ఉన్నప్పుడు అన్నది చూసుకుని, ఆ ఒక్క సందు మూసుకుని మర్నాడు అలాగే కొనసాగించాలి. పొగాకు ప్యాకెట్ల మీదే ముద్రించి ఉండే 1800-11-2356 నంబరు జాతీయ క్విట్‌లైన్, ఫోన్ ఉచితం. బెంగళూరు నిమ్హాన్స్‌లోని కేంద్రం నుంచి దక్షిణాది భాషల్లో మాట్లాడతారు, తెలుగు అడగండి. ఒక్కసారి మాట్లాడి వదిలేయకుండా, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలో కూడా అడిగి పెట్టుకోవాలి.

నోరు తెరుచుకోవడానికి డాక్టర్లు పీచు ఉన్నచోట ఇంజెక్షన్లు ఇస్తారు, లైకోపిన్ వంటి మాత్రలు రాస్తారు. రక్తహీనత ఉంటే దానికీ మందు వాడాలి. వీటితో మంట తగ్గుతుంది, కొంత తెరుచుకుంటుంది. పూర్తిగా మొదటిలా అవుతుందని ఆశపెట్టను. వక్క ఆపకపోతే ఇంజెక్షన్ల డబ్బు దండగ. ఇంట్లో చేయాల్సింది కసరత్తు. శుభ్రమైన ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి, బిగుతుగా పట్టేన్ని పుల్లలు పై, కింది దవడ పళ్ల మధ్య పెట్టుకుని అర నిమిషం ఆగాలి. రోజుకు నాలుగైదుసార్లు. నొప్పి పుట్టకుండా వారానికో పుల్ల చేర్చే ప్రయత్నం చేయాలి. పై ముందుపంటి అంచు నుంచి కింది ముందుపంటి అంచు దాకా స్టీలు స్కేలుతో కొలిచి, తేదీ వేసి రాయండి. పెద్దవాళ్లకు 35 మిల్లీమీటర్లకు పైనే ఉండాలి, అంటే దాదాపు మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. నెల నెలా ఆ అంకె తగ్గుతుంటే ఆయన చాటుగా ఇంకా వక్క వేసుకుంటున్నారేమో అడగండి, డాక్టరుకు కూడా చెప్పండి.

మీ అత్తగారి మాటకొస్తే, ఆమెకేమీ కాలేదన్నది ఆమె నోరు చూడకుండా అన్న మాట. నెలకోసారి ఇంట్లో అందరి నోళ్లూ మీరే చూడవచ్చు. పొద్దున నోరు కడుక్కున్నాక వెలుతురులో కూర్చోబెట్టి ఫోన్ లైటు వేయండి. కట్టుడు పళ్లు ఉంటే తీయించండి. పెదవులు తిప్పి లోపలివైపు, రెండు బుగ్గలు వేలితో లాగి, చిగుళ్ల చివరి సందుల దాకా చూడాలి. ఆమె కిళ్లీ ఏ వైపు పెట్టుకుంటారో ఆ వైపు రెండుసార్లు. నాలుక చాపించి గుడ్డతో పట్టుకుని రెండు అంచులు, తర్వాత నాలుక పైకెత్తించి అడుగు, తల వెనక్కి వంచి అంగిలి. చివరగా దవడ కింద, మెడకు రెండువైపులా వేళ్లతో నొక్కి బిళ్లలేమైనా ఉన్నాయేమో. ఎరుపు, తెలుపు, గరుకు, గట్టిపడ్డ చోటు, రెండు వారాలు దాటిన పుండు, మింగితే ఒకవైపు చెవిలోకి పోటు, కారణం లేకుండా పెదవి తిమ్మిరి, వీటిలో ఏది ఉన్నా చూపించాలి. ముప్పై దాటినవాళ్లందరికీ ఊరి ఆరోగ్య కేంద్రంలో నోటి పరీక్ష ఉచితం, ఏఎన్ఎంను అడగండి. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పెద్ద అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి కంటితో నోరు చూడటం వల్లే, పొగాకు లేదా మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 15 ఏళ్లలో 24 శాతం తగ్గాయి. టార్చిలైటు వెలుతురులో చూడటానికి అంత విలువ ఉంది.

ఆమె వయసులో ఒక్కసారిగా మానమంటే గొడవవుతుంది. ముందు కాడ తీసేయించండి, తర్వాత వక్క. తాంబూలం ఇవ్వడం పుచ్చుకోవడం ఎప్పటిలాగే సాగనివ్వండి, నమలడం దగ్గరే ఆపమనండి. కట్టుడు పళ్లవాళ్లకు నికోటిన్ గమ్ అంటుకుపోతుంది, ఆమెకు అది వద్దు.

మీ మరిదిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పదిహేడేళ్లకు ఏడాది రెండేళ్లుగా పాన్ మసాలా వేసుకున్నవాళ్లలోనే నోరు బిగుసుకోవడం మొదలవుతుండటం దంత వైద్యులు చూస్తున్నారు. ఆ వయసులో క్యాన్సర్ మాట చెబితే దూరంగా వినిపిస్తుంది. స్కేలు ఇచ్చి అద్దంలో అన్న నోరు, తన నోరు కొలుచుకోమనండి. గప్‌చుప్ మొత్తంగా నోట్లో పెట్టుకోలేకపోవడం ఎలా ఉంటుందో అన్ననే చెప్పమనండి. పద్ధెనిమిది నిండనివాళ్లకు పొగాకు అమ్మడం 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం నేరం, బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. వాడికి పొగాకు ప్యాకెట్టు కూడా ఇస్తున్న కొట్టు ఏదో తెలిస్తే, ముందు ఆ కొట్టతనికి ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ల చేత చెప్పించండి. వినకపోతే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. అన్నను ఆసుపత్రికి తీసుకెళ్లే రోజున వాణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లి, వాడి నోరూ అక్కడే చూపించండి.